కసితో కట్టుకున్న మాస్కు

ఆషాఢం సేల్ రోజులు. శ్రావణంలో కొడుకు పెళ్లని రామతీర్థం నుంచి వచ్చిన పెద్దాయనకు షర్టు గుడ్డ కొలిచి కత్తెర పెట్టాను. ఆ తర్వాత నాకు గుర్తున్నది ఆయన కేకే. నిలబడే నిద్రపోయాను. కత్తెర గుడ్డకు అడ్డంగా పోయింది. ఇంకాస్త ఉంటే నా వేలు తెగేది.

విజయనగరంలో ఆ బట్టల షాపు నాదీ, మా చెల్లెలి భర్తదీ. బావ కౌంటర్లోంచి లేచి వచ్చి, షాపు నిండా జనం ఉండగా అన్నాడు: "ఒరే సత్తిబాబూ, నువ్వు మనిసివా, దున్నపోతువా? తిండి తగ్గించు, నిద్దర అదే తగ్గుతాది."

అందరూ నవ్వారు. ఆ సాయంత్రమే నా కుర్చీ వెనక గోడౌన్‌లోకి మారింది.

చాలా నెలలుగా లేస్తూనే తలనొప్పి, పగలంతా తూగు. అదంతా తిండి వల్లేనని నేనూ నమ్మాను. బట్టల మూటల మధ్య కూర్చుని ఒకటే అనుకునేవాణ్ణి: సన్నబడి వచ్చి బావ ఎదుట నిలబడాలి, ఆయన తల దించుకోవాలి. బరువు తగ్గే ఆపరేషన్ కోసం వైజాగ్ వెళ్లింది అందుకే. ఆరోగ్యం కోసం అంటే అబద్ధమే.

"నిద్ర బాగా పడుతుందా?" అని సర్జన్ అడిగారు.

"బ్రహ్మాండంగా," అన్నాను.

పక్కనున్న నా భార్య పద్మ ఊరుకోలేదు. "అది నిద్దర కాదు సార్. గురక పెడతా పెడతా ఊపిరి ఆగిపోతాది. నేను తట్టి లేపితే గానీ రాదు. ఎప్పుడాగిపోతాదోనని నేను పడుకోడమే మానేసినాను."

ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదామె.

తలకీ ఛాతీకీ వైర్లు అంటించి స్లీప్ స్టడీ చేశారు. 'సివియర్ స్లీప్ ఆప్నియా' అన్నారు, అంటే నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగిపోయే జబ్బు, బాగా ముదిరిందట. మత్తు ఇచ్చే డాక్టరమ్మ రిపోర్టు చూసి ఆపరేషన్ వాయిదా వేశారు. "మత్తులో మీ గొంతు మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ. మత్తు దిగేటప్పుడు కూడా. ముందు సీపాప్ మెషిన్ అలవాటు చేసుకోండి, తర్వాతే డేట్."

దసరాకల్లా సన్నబడి కనిపిద్దామనుకున్నవాణ్ణి. ఒళ్లు మండిపోయింది. బావకు సంగతి తెలిసి, "ఆపరేషన్‌కి కూడా పనికిరాడట," అని షాపులో అందరికీ చెప్పాడు.

సీపాప్ అంటే ముక్కుకు మాస్కు కట్టి, గొట్టంతో గాలి పంపే మెషిన్. మెలకువగా ఉన్నప్పుడే అలవాటు చేసుకోమంటే, మధ్యాహ్నం టీవీ ముందు పెట్టుకున్నాను. ఎవరో ముఖం మీద చెయ్యేసి అదిమినట్టయి, పీకి విసిరేశాను. పద్మ దాన్ని తీసి తుడిచింది.

"వద్దులే, మానెయ్. మీ బావ సెప్పినట్టే గోడౌన్లో కూకో."

మాస్కు లాక్కుని మళ్లీ కట్టుకున్నాను. ఊపిరాడనట్టనిపించినప్పుడల్లా బావ నవ్వు గుర్తు తెచ్చుకునేవాణ్ణి. మాస్కు సైజు మార్పించాం, కరెంటు పోతే ఆగకుండా ఇన్వర్టర్ పెట్టించాం. కొన్ని వారాలకు ఒక ఉదయం తలనొప్పి లేకుండా లేచాను. పక్కన పద్మ గాఢనిద్రలో ఉంది. ఎన్నాళ్లకు చూశానో ఆమె నిద్రపోవడం.

చివరికి డేట్ ఇచ్చారు. లివర్ సైజు తగ్గాలని ఆపరేషన్‌కు ముందు ప్రొటీన్ పొడి, చప్పటి సూపులే ఇచ్చారు. మెషిన్ వెంట తెమ్మన్నారు, తీసుకెళ్లాం. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ, వార్డులో నేను మగతలో ఉండగా ఆక్సిజన్ పడిపోయిందట. మెషిన్ ఇంకా సంచిలోనే ఉంది. "బేగీ అది పెట్టండమ్మా, ఆయనకి ఊపిరాగిపోతాది!" అని పద్మ అరిచింది. నాకు తెలివొచ్చేసరికి మాస్కు ముఖం మీదే ఉంది.

బరువు తగ్గి షాపుకు వెళ్లేసరికి బావ పక్కకు జరిగాడు. "రా రా, కౌంటర్లో కూకో."

"వద్దు బావా. నా వాటా నాకిచ్చెయ్. ఎదురుగా షాపు పెడతన్నాను," అన్నాను. ఆ రోజూ షాపు నిండా జనమే. వాళ్లు వింటుండగా చెప్పాలనే ఆ వేళ చూసుకుని వెళ్లాను. ఆయన ముఖం మాడిపోయింది. కడుపు నిండినట్టయింది నాకు.

కొత్త షాపు ప్రారంభానికి చెల్లెలు ఒక్కతే వచ్చింది. "అన్నయ్యా, ఆయన రెండు మాటలన్నాడు. నువ్వు ఇంక రోజూ ఎదురుగా కూకుని కాల్చుకు తింటావా?" అని ఏడ్చింది. అయినా షాపు అక్కణ్ణుంచి ఎత్తెయ్యలేదు.

ఇప్పటికీ తెరుస్తూనే ఎదుటి కౌంటర్ వైపు చూస్తాను. క్షమించలేదు. మెషిన్ కూడా వదల్లేదు. మళ్లీ స్లీప్ స్టడీ చేసి మెషిన్‌లో గాలి ప్రెషర్ తగ్గించారు, మానేయమని మాత్రం అనలేదు.

ఈ ఆపరేషన్‌కు సిద్ధమయ్యేవాళ్లకు ఒక్క మాట. డాక్టర్ దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి. మీ గురక వినేవాళ్లను వెంటబెట్టుకెళ్లండి. నిద్ర గురించి అడిగినప్పుడు మీరు నోరు మూసుకుని, వాళ్లను చెప్పనివ్వండి.