చాయ్ ఇచ్చే చెయ్యి

వర్ధన్నపేట హోటలాయన మొహం ఎట్లా ఉండేదో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. ఆ చెయ్యి మాత్రం చచ్చినా మరిచిపోను. మా దళితవాడ వాళ్లు చాయ్ అడిగితే గ్లాసు చేతికిచ్చేవాడు కాదు. వంగి, కింద పెట్టి, "తీస్కో బిడ్డా" అనేవాడు, ఎంతో ప్రేమగా. ఆ ప్రేమకే నాకు ఒళ్లు మండేది.

చివరికి హక్కుల కమిషన్‌లో ఫిర్యాదు చేశాను. విచారణకు వరంగల్ వెళ్తే, అక్కడ అందరికీ చాయ్ పోస్తున్నది ఆయనే! కమిషన్ చాయ్, టిఫిన్ల టెండర్ ఆయనకే వచ్చిందట.

"నాకసొంటి పట్టింపులుంటే మీరే కాంట్రాక్టు ఇస్తుంటిరా మేడం?" అన్నాడు, విచారణ చేస్తున్న కమిషన్ మేడం ముందు చేతులు కట్టుకుని. మేడం తల ఊపింది.

"కాకా, జర నాకో చాయ్ పొయ్యి" అని చెయ్యి చాపాను.

ఆయన గ్లాసు నింపాడు. నా వేళ్ల దాకా వచ్చిన చెయ్యి అలవాటుకొద్దీ కిందికి దిగి, గ్లాసును నా కాళ్ల దగ్గర పెట్టింది. అప్పుడు తెలిసొచ్చి, గబగబా తీయబోయాడు.

"ఉండనియ్యి కాకా," అన్నాను, ఎంతో ప్రేమగా. "మేడంను సూడనియ్యి."