కొబ్బరినీళ్ళు తాగిన పలక

మా ఉస్తాదు పోయారు. పోయిన బుధవారం పొద్దున్నే ఆయన కొడుకు ఫోన్ చేసి హిందీలో చెప్పాడు. నేను తెలుగులో "అదేట్రా, మొన్ననే కదా మాటాడేను" అన్నాను. దానికీ వాడు హిందీలోనే జవాబిచ్చాడు. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్ళిపోయారట, ఎవరినీ కష్టపెట్టలేదట. ఈ చివరి మాట నేను నమ్మలేదు. ఆయన చేతికింద మూడేళ్ళు అప్రెంటిస్‌గా ఉన్నవాణ్ణి. ఎవరినీ కష్టపెట్టకుండా ఆయన ఏ పనీ చెయ్యగా నేను చూడలేదు.

బారిడీహ్‌లో మా ఇంటినుంచి ఆటోలో సీతారాండేరాలో ఆయనింటికి వెళ్ళేసరికి వాకిట్లో పాడె కడుతున్నారు. రెండు వెదుళ్ళలో ఒకటి వంకర. అడ్డకర్రలు ఏ ఒక్కటీ తిన్నగా లేదు. ఏడుపు రావలసిన చోట నాకు భయం వేసింది. ఈయన లేచి కూర్చుని, "ఇదేట్రా, దీన్ని స్క్వేరంతారా, ఇప్పండి" అంటారేమోనని. లేవలేదు. పోయారని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

డెబ్బైలు ఎనభైల్లోకి జారుకుంటున్న రోజులవి. మేం పనికోసం ఈ హిందీవాళ్ళ ఉక్కు ఊరికి వచ్చి బర్మామైన్స్‌లో ఉండేవాళ్ళం. నా చదువు ఎనిమిదో తరగతి దగ్గర ఆగింది. తర్వాతదంతా పకోడీ పొట్లాల మీద చదువుకున్నాను, అందుకే నాకు చాలా కథల చివర ఏమైందో ఇప్పటికీ తెలియదు. అది వేరే సంగతి. యంత్రాల భాగాలు చేసే ఒక పెద్ద షాపులో ఫిట్టర్ అప్రెంటిస్‌గా చేర్చుకున్నారు. క్రేన్లు, కొలుములు, నిప్పురవ్వలు ఉంటాయనుకుని వెళ్ళాను. మా ఉస్తాదు నా చేతిలో అరచేయంత ఇనపదిమ్మ ఒకటి, ఆకురాయి ఒకటి పెట్టి, ఆరు వైపులా సమంగా అరగదియ్యమన్నారు.

ఆరు నెలలు అరగదీశాను. సాయంత్రం ఆయన దిమ్మను కిటికీ వైపు ఎత్తి, దానికి మట్టం ఆనించి చూసేవారు. సందులోంచి వెలుతురు కనబడితే దిమ్మ నా చేతికి తిరిగొచ్చేది. నా కంటికి బాగానే ఉందని ఒకసారి అన్నాను.

"నీ కంటికి కాదురా. ఇనుముకి నచ్చాల" అన్నారు.

ఇనుముకి నచ్చలేదు. దసరా దగ్గరపడేసరికి అరచేయంత దిమ్మ అగ్గిపెట్టంత అయింది. కార్ఖానాలో ఏం చేస్తున్నావని మా అమ్మ అడిగితే, ఇనుము అరగదీస్తున్నానని చెప్పాను. పాపం ఎవరిదో ఆ ఇనుము అంది.

ఇప్పుడు పలక గురించి చెప్పాలి. షాపు మధ్యలో, కాళ్ళ బల్ల మీద, పోత ఇనుముతో చేసిన సర్ఫేస్ ప్లేటు ఒకటి ఉండేది. నలుగురు పట్టినా కదలదు. అద్దంలా నున్నగా ఉండేదనుకునేరు. కాదు, చేత్తో గీకిన గీరలతో చేపపొలుసులా ఉండేది. కానీ అంతకంటే సమమైన జాగా ఆ షాపులో లేదు. ఏ భాగం వంకరో, ఏది తిన్ననో దాని మీద పెట్టి తేల్చేవారు. రోజూ సాయంత్రం మా ఉస్తాదు దాన్ని తుడిచి, పల్చగా నూనె పూసి, చెక్కమూత వేసేవారు. ఒకసారి ఫోర్‌మన్ సాబ్ పొరపాటున టీ గ్లాసు దాని మీద పెట్టాడు. మా ఉస్తాదు వచ్చారు. గ్లాసు తీశారు, చొక్కా అంచుతో పలక తుడిచారు, టీ తాగేశారు.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు మిషన్లన్నీ ఆపేసి, కడిగి, సిందూరం పెట్టి, బంతిపూల దండలు వేస్తారు. అక్కడివాళ్ళకి అంతటితో పూజ అయిపోతుంది. మాది ఉద్దానం, కొబ్బరితోటల సీమ. కొబ్బరికాయ కొట్టకపోతే అది పూజే కాదు. మా అమ్మ, ఊరినుంచి వచ్చిన కాయ ఒకటి సంచిలో పెట్టి, "నీ దిమ్మ బాగుపడాలంటే, అక్కడ అందరికన్నా పెద్ద దేవుడికి కొట్టు నాయనా" అంది. ఎవరా పెద్ద దేవుడని చాలాసేపు ఆలోచించాను. మా ఉస్తాదు రోజూ తుడిచి, నూనె పూసి, మూత వేసేది ఎవరికి?

ఆయన గేటు దగ్గర, షాపు చూడ్డానికి వచ్చిన పిల్లలకి లడ్డూలు పంచుతున్నారు. నేను పలక మూత తీసి పసుపు పూశాను. బొట్లు పెట్టాను. ఇనుము బిగించి పట్టే వైసు మీద కాయ కొట్టి నీళ్ళన్నీ పలక మీద అభిషేకం చేశాను. రెండు చిప్పలూ దాని మీద కాసేపు ఉంచి, తర్వాత ముక్కలు కోసి అందరికీ పంచాను. ఫోర్‌మన్ సాబ్ రెండుసార్లు అడిగి తిన్నాడు. చివర్లో భక్తిగా మూత కూడా వేశాను. మర్నాడు ఆదివారం.

సోమవారం మా ఉస్తాదు మూత తీశారు. మెచ్చుకుంటారని నేను వెనకే నిలబడ్డాను. పులిసిన కొబ్బరి వాసన గుప్పున కొట్టింది. పలకంతా ఎర్రటి తుప్పు. మధ్యలో రెండు చిప్పల గుండ్రటి మచ్చలు. ఆయన మూత వేశారు. మళ్ళీ తీశారు, రెండోసారికి ఏమైనా మారుతుందేమో అన్నట్టు.

"ఎవడ్రా?"

"నానే బాబూ. అభిషేకం."

ఈలోగా ఫోర్‌మన్ సాబ్ వచ్చాడు. నేను నేర్చుకోని హిందీ కూడా ఆ రోజే వినేశాను. సారాంశం ఏమిటంటే, నా పేరు రిజిస్టరులో కొట్టేస్తున్నారు, సంచి తీసుకుని ఇంటికి పోవచ్చు. మా ఉస్తాదు ఆయన చెప్పిందంతా విని, నెమ్మదిగా ఒకే మాట అన్నారు.

"ప్రసాద్ తో ఆప్ నే భీ ఖాయా, సాబ్. దో బార్."

ఫోర్‌మన్ సాబ్, తనూ ఆ ప్రసాదం రెండుసార్లు తిన్న మాట ఎత్తేసరికి, కొంచెం తగ్గాడు. మూడు వారాలు గడువివ్వమనీ, పలక మునుపటికంటే బాగా వస్తుందనీ, రాకపోతే వీడి పేరుతోపాటు తన పేరూ కొట్టెయ్యమనీ మా ఉస్తాదు చెప్పారు. ఫోర్‌మన్ సాబ్ వెళ్ళాక, మీ పేరెందుకు చెప్పారని అడిగాను.

"ఆర్నెల్లు నీకు ఇనుము నేర్పేను. ఇనుముకి నీళ్ళు పడవని సెప్పడం మర్చిపోనాను. మరి అది నా తప్పు కాదేట్రా?"

టూల్ రూము నుంచి, సమం సరిచూడ్డానికి వాడే ఒక చిన్న సాచా పలక తెచ్చారు. దానికి నీలంరంగు పూసి మా పలక మీద రుద్దుతాం. ఎత్తుగా ఉన్నచోట నీలం అంటుకుంటుంది. అంటినంత మేరా గీకుడుపనిముట్టుతో గీకాలి. మళ్ళీ రుద్దాలి, మళ్ళీ గీకాలి. రోజంతా అదే పని. మా ఉస్తాదు బోర్లించిన నూనెడబ్బా మీద కూర్చుని, "గీకకు. మీగడ తీసినట్టు తియ్" అనేవారు. ఆ నీలం సబ్బుకి లొంగదు. ముక్కు గోక్కుంటే ముక్కుకి, బీడీ కాలిస్తే పెదాలకి. ఒక సాయంత్రం మా అమ్మ నా నల్లటి మొహం మీద నీలి పెదాలు చూసి, ఏదో విషప్పురుగు ముట్టిందని వీధంతా పోగేసింది. నాచేత వేపాకు నమిలించి, చేదు తెలుస్తోందని తేల్చుకున్నాక గానీ నా మాట ఎవరూ వినలేదు.

రెండో వారం చివర చెయ్యి బరువు పడి, ఒక మూల లోతుగా గీకేశాను. ఇనుములో గొయ్యి పూడ్చలేం. పలకంతా ఆ గొయ్యి దాకా దించాలి. ఉన్నది ఒక్క వారం. నేను పనిముట్టు కింద పెట్టి, నా పేరు కొట్టించెయ్యండి బాబూ, మీది ఉంచుకోండి అన్నాను. మా ఉస్తాదు లేచి చొక్కా విప్పి వైసుకి తగిలించారు. ఇంకో పనిముట్టు తీసుకుని అవతలి వైపు వంగారు. ఆ వారమంతా ఇటు నేను, అటు ఆయన. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పలకతో మాత్రం మాట్లాడేవారు, నా గురించి.

గడువు నాడు టూల్ రూము వాళ్ళు వచ్చి రుద్ది చూశారు. ఈ మూల నుంచి ఆ మూల దాకా, ఆవాలు జల్లినట్టు నీలి చుక్కలు. ఎక్కడా ఖాళీ లేదు, అంటే పలకంతా సమం. ఫోర్‌మన్ సాబ్ ఎవరు చేశారని అడిగాడు. పాడుచేసిందీ వీడే, బాగుచేసిందీ వీడేనని మా ఉస్తాదు చెప్పారు. తను డబ్బా మీద కూర్చున్నారట, అంతే. అంత తాపీగా అబద్ధం చెప్పగలరని నాకు అప్పటిదాకా తెలియదు. ఫోర్‌మన్ సాబ్ నా వైపు చూసి, వచ్చే పూజకి అరటిపళ్ళు తెమ్మని వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక మా ఉస్తాదు వేళ్ళతో ఆ చుక్కలు ఒక్కొక్కటీ తడుముకుంటూ పోయారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని పలక మీద బోర్లా పెట్టి, పైన తన చెయ్యి పెట్టి నొక్కారు. చెమటచెయ్యి తగిలితే ఇనుము పాడవుతుందని ఆయనకి తెలియక కాదు.

"నచ్చిందిరా దీనికి" అన్నారు.

కార్ఖానా కూత అయ్యాక సైకిలెక్కాను. హ్యాండిలు మీద నా చెయ్యి, దాని మీద ఆయన నాలుగు వేళ్ళు, నీలంగా. బర్మామైన్స్ దాకా దారిపొడుగునా అవే చూసుకుంటూ, రెండో చేత్తోనే బెల్లు కొట్టుకుంటూ వెళ్ళాను.