మూత లోపలి ఫోటో

సోలాపూర్‌లో కుమ్ఠా నాకా వెనక సందుల్లో బాలమణి ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా కాసేపు తడుముకుంటారు. డబ్బాల బాలక్క అంటే మాత్రం ఎదురుగా ఉన్న నీలం తలుపు చూపిస్తారు. ఆ ఇంట్లో మనుషులు కూర్చునే చోటు తక్కువ, డబ్బాలు ఆరే చోటు ఎక్కువ. టవళ్లకు పొడుగువి, చద్దర్లకు వెడల్పువి, గాజుల దుకాణాలకు గుండ్రటివి, దీపావళి ముందు మిఠాయి డబ్బాలు. మంచం కింద, అటక మీద, దేవుడి గూటి పక్కన, ఎక్కడ చూసినా అవే.

ఈ డబ్బాల పనికి ముందు పదహారేళ్లు ఆమె బీడీలు చుట్టింది. తంబాకు పొడికి దగ్గు పట్టుకుని ఊపిరాడని పరిస్థితి వచ్చాక డాక్టరు ఇక ముట్టుకోవద్దన్నాడు. ఆకు కత్తిరించిన చేతులు అట్ట కత్తిరించడం తొందరగానే నేర్చుకున్నాయి. మైదా ఉడికించిన జిగురు రాసి, రంగు కాగితం అంటించి, అరచేతితో ఒక్కసారి నిమిరిందంటే ముడత కనిపించేది కాదు.

పెళ్లిళ్ల రోజుల్లో ఆమెకు ఇంకో పని ఉండేది. సోలాపూర్ పెళ్లిళ్లలో ఆడపిల్లవాళ్లు చేతిపనులన్నీ బల్ల మీద పరిచి చూపిస్తారు, రుఖవత్ అంటారు దాన్ని. దాని కోసం బాలమణి పల్లకి ఆకారంలో డబ్బా చేసేది. మూత తీస్తే నెమలి పురి విప్పినట్టు తెరుచుకునే డబ్బా చేసేది. ఒకసారి మగ్గమే చేసింది, లోపల నూలు కండె మోసే నాడె అటూ ఇటూ జరిగేలా. ఆమె భర్త సిద్ధరాములు దాన్ని రెండు చేతులతో ఎత్తి చాలాసేపు చూశాడు. మాట్లాడడమే తక్కువ మనిషి. ముప్పై ఎనిమిదేళ్లు పవర్‌లూముల చప్పుడు మధ్య నిలబడి వినికిడి పోగొట్టుకున్నాడు.

"నాడె పెట్టె పెద్దగైంది," అన్నాడు చివరికి. "నాడె వచ్చి పట్టినట్టు కూసోవాలె. లేకుంటె ఎగిరి మనిషికి తాకుతది."

బాలమణి ఆ పెట్టె విప్పి మళ్లీ చేసింది.

ఆ మనిషికి మతిమరుపు మొదలైంది నిరుడు వేసవిలో. తిన్న గంటకే అన్నం అడిగేవాడు. పదేళ్ల కింద మూతబడ్డ కార్ఖానాకు టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లి, తాళం వేసిన గేటు ముందు షిఫ్టు కోసం నిలబడేవాడు. తెలిసినవాళ్లు వెనక్కి తీసుకొచ్చేవాళ్లు. కూతురు రూపాలి పొద్దున్నే యూనిఫారాలు కుట్టే పనికి వెళ్లేది. పగలంతా ఆయన మీద ఓ కన్ను, అట్ట మీద ఓ కన్ను వేసి బాలమణి ఎలాగో నెట్టుకొచ్చింది.

శ్రావణంలో ఓ మంగళవారం కుళాయికి నీళ్లొచ్చాయని ఆమె సందు చివరికి వెళ్లింది. రెండు బిందెలు పట్టుకుని వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. ఆయన చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. మనిషి లేడు.

మొదట పాత కార్ఖానా గేటు దగ్గరికి పరిగెత్తింది. అక్కడ లేడు. భవాని పేట్‌లో చుట్టాలిళ్లన్నీ తిరిగింది. రూపాలి మిషన్ మీద పని వదిలేసి వచ్చి కొంతం చౌక్ నుంచి స్టేషన్ దాకా దుకాణం దుకాణం అడిగింది. పోలీసులు ఫోటో తీసుకుని రాసుకున్నారు. మూడో రోజున తల్లీకూతుళ్లు పండరీపురం వెళ్లి చంద్రభాగ ఒడ్డున పడుకున్న ముసలివాళ్ల ముఖాలన్నీ వంగి వంగి చూశారు. గోడల మీద కాగితాలు అంటిస్తే రెండు రోజుల్లో వాటి మీద ఎవరివో పుట్టినరోజు పోస్టర్లు పడ్డాయి. ఫోన్లలో తిరిగిన ఫోటో కూడా వారానికి చల్లబడిపోయింది.

ఇరవై రోజులు గడిచాయి. ఆమెకు డబ్బాల పని ఇచ్చే వినాయక్ సేఠ్ మనిషి వచ్చి టవళ్ల డబ్బాలు ఎప్పుడిస్తావని అడిగాడు. పండగ సరుకు లారీలకు ఎక్కాలి. బాలమణి జిగురు గిన్నె ముందేసుకుని కూర్చుంది కానీ చెయ్యి కదల్లేదు.

"ఈ డబ్బాలు యాడికి పోతయి బాబు?" అని అడిగింది.

"యాడికేంది అక్కా, అన్ని దిక్కులకు. లాతూర్, నాందేడ్, హుబ్లీ, కరీంనగర్. ఎందుకు?"

ఆమె పక్కనున్న మూత ఒకటి తీసి తిప్పి చూసింది. తను కాలు పెట్టని ఊళ్లన్నిటికీ తన చేతి డబ్బాలు వెళ్తున్నాయని పదేళ్లుగా తెలిసినా, ఆ మాట ఆ రోజే ఒంట్లోకి దిగింది.

సాయంత్రం రూపాలిని జెరాక్స్ దుకాణానికి పంపింది. రెండు వేళ్ల వెడల్పు కాగితాలు. వాటి మీద సిద్ధరాములు ముఖం, కింద తప్పిపోయాడని మరాఠీలో ఒకటి, తెలుగులో ఒకటి చిన్న వరుస, రూపాలి ఫోన్ నంబరు. మూత లోపలివైపు, కాగితం మడత పడే మూలన వాటిని ఒక్కొక్కటే అంటించింది. నాలుగు వందల డబ్బాలు. తెరిచినవాళ్లకే కనిపిస్తుంది, బయటినుంచి చూస్తే ఏమీ తెలియదు.

"సేఠ్‌కు తెలిస్తె పని పోతది అమ్మా," అంది రూపాలి.

"పోనీ."

"నిన్ను నమ్మి ఇచ్చిండు కద. తప్పు కాదా?"

"తప్పే," అంది బాలమణి. "ఆ కట్ట ఇటియ్యి."

పది రోజులకు ఫోన్లు మొదలయ్యాయి. ఇచల్‌కరంజి నుంచి ఒకాయన టవళ్ల హోల్‌సేల్ రేటు అడిగాడు. ఎవరో కుర్రవాళ్లు ముసలాయన మా ఇంట్లోనే ఉన్నాడని నవ్వి పెట్టేశారు. నాందేడ్ నుంచి ఒకావిడ తన అన్న కూడా ఇలాగే పోయాడని, ఆరేళ్లయిందని చెప్పి ఏడ్చింది. ఆమె ఏడుపు ఆగేదాకా రూపాలి ఫోన్ పెట్టెయ్యలేదు.

మిరజ్ నుంచి వచ్చిన ఫోన్ వేరు. చేసినాయన నెమ్మదస్తుడు. రైలు పట్టాల పక్కన దొరికిన మనిషి ఇక్కడి ఆసుపత్రిలో ఉన్నాడు, పోలికలు ఉన్నట్టున్నాయి, వచ్చి చూసుకోండి అన్నాడు. ఉన్నాడా అంటే బతికి ఉన్నాడా అని రూపాలి అడిగింది. వచ్చి చూసుకోండి అనే మళ్లీ అన్నాడాయన.

మర్నాడే తల్లీకూతుళ్లు మిరజ్ వెళ్లారు. శవాల గదిలో పనిచేసే మనిషి గుడ్డ తొలగించాడు. తెల్ల గడ్డం, పీక్కుపోయిన బుగ్గలు. కుడి చెవి కింద సిద్ధరాములుకు ఉన్న పులిపిరి లేదు. ఆమె ఇంకా వంగి చేతివేళ్లు చూసింది. నేతగాడి వేళ్లు కావు.

"ఈయన కాదు," అంది.

ఆ మాట అంటూనే ఆమెకు గుండెల్లో సంతోషం పొంగింది. మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసింది. ఈ మనిషికి ఎవరు ఉన్నారో, ఏ గుమ్మంలో ఎదురు చూస్తున్నారో. బయట వరండాలో గోడకు చేరబడి కూర్చుని, ఇన్నాళ్లలో మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. రూపాలి పక్కన కూర్చుని నీళ్ల సీసా మూత తీస్తూ పెడుతూ ఉండిపోయింది.

తిరిగొచ్చిన మర్నాడే వినాయక్ సేఠ్ స్వయంగా వచ్చాడు. చేతిలో ఒక మూత ఉంది.

"ఇది ఏంది బాలక్కా?"

ఆమె లేచి నిలబడింది.

"హుబ్లీల ఒకాయన బిడ్డ లగ్గానికి చుట్టాలకు టవళ్లు పెట్టనీకని నూరు డబ్బాలు కొన్నడు. చుట్టాల ముందర మూత తీస్తె తప్పిపోయినాయన ఫోటో. అపశకునమని సరుకంత వాపస్ చేసిండు. నాకు ఒక్క మాట చెప్పొద్దా?"

"చెప్తె ఒప్పుకుంటుంటివా సేఠ్?"

సేఠ్ చేతిలోని మూత గుమ్మం గట్టు మీద పెట్టాడు. పెద్ద మనసు లేనివాడేం కాదు. సిద్ధరాములు తప్పిపోయిన వారంలో రెండు రోజులు తన బండి ఇచ్చి పంపాడు.

"నా కష్టం నీకు తెల్వది అక్కా. ఒక్క గిరాకి పోతె పది గిరాకీలు పోతయి."

"ఇంకొక్క ఖేప్ సరుకు పోనియ్యి. వంద డబ్బాలు. తరువాత నీ ఇష్టం."

"కాదు," అన్నాడు. "చాలు." మిగిలిన అట్టలు, రంగు కాగితాల కట్టలు తన మనుషులతో ఆటోలో వేయించుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో బాలమణికి సరిగా గుర్తులేదు. ఇంట్లో మిగిలిన అట్ట ముక్కలతో డబ్బాలు చేస్తూ కూర్చునేది. అగ్గిపెట్టెంతవి, గుప్పెడంతవి, ఒకదానిలో ఒకటి ఇమిడేవి. ఎవరూ అడగనివి. అన్నం వండడం మరిచిపోయేది.

"ఎవరికమ్మా ఇవన్ని?" అని రూపాలి ఒకరోజు అరిచినంత పని చేసింది.

"చేతులు ఊకుంటలేవు."

"నాకు భయమైతుంది. నువ్వు గూడ నాయిన లెక్క అయితె నేనేం జెయ్యాలె?"

బాలమణి కూతురి ముఖం చూసింది. పిల్ల కళ్ల కింద నల్లగా చారలు కట్టాయి. ఆ పూట లేచి జొన్నరొట్టె చేసింది. ఇద్దరూ తిన్నారు. అయినా మరునాడు మళ్లీ కత్తెర పట్టుకుంది.

కార్తీకం నడుమలో, పొద్దున పదకొండింటికి, రూపాలి పనిలో ఉండగా ఫోన్ మోగింది. అవతల ఓ ఆడమనిషి వచ్చీరాని హిందీలో మాట్లాడింది. పేరు శాంతవ్వ, గదగ్‌లో దిక్కులేనివాళ్లను ఉంచే ఆశ్రమంలో వంట చేస్తుంది. పండక్కి ఎవరో దాత అక్కడివాళ్లకు టవళ్లు పంచాడట. ఖాళీ డబ్బాలు పారేయడం ఇష్టంలేక తను ఒకటి తెచ్చుకుని సూదులు, దారాలు వేసుకుంది. మూత వెనకున్న రాత ఆమెకు రాదు, అంకెలు మాత్రం వచ్చు. కానీ ఆ ముఖానికి తను రోజూ రొట్టె వడ్డిస్తోంది.

రూపాలి పది సార్లు అడిగింది. చెవి కింద పులిపిరి ఉందా? ఉంది. వినబడదా? వినబడదు. ఏం మాట్లాడతాడు? ఏదో తెలుగులో అంటాడు, ఎవరికీ అర్థం కాదు, పేరు అడిగితే చెప్పడు. స్టేషన్‌లో పడి ఉంటే పోలీసులు తెచ్చి అప్పగించారట.

మర్నాడు పొద్దుటి రైలుకు ఇద్దరూ గదగ్ వెళ్లారు. బాలమణి సంచిలో పెళ్లి ఫోటో, ఆధార్ కార్డులు, ఒక తెల్ల చొక్కా పెట్టుకుంది. ఆశ్రమం ఆవరణలో ఎండలో పదిమంది ముసలివాళ్లు వరుసగా కూర్చున్నారు. నాలుగోవాడు సిద్ధరాములు. గుండు చేసి ఉంది. కాలి మడమకు కట్టు. ఒళ్లో దుప్పటి అంచు పెట్టుకుని ఊడిన పోగులను ఒక్కొక్కటిగా ముడి వేస్తున్నాడు.

బాలమణి ఎదురుగా కూర్చుంది. "నేనొచ్చిన," అంది అతని చెవి దగ్గర, గట్టిగా.

అతను తలెత్తి చూశాడు. మర్యాదగా, కొత్తవాళ్లను చూసినట్టు చూశాడు. కొంచెం జరిగి ఆమెకు చోటిచ్చి, మళ్లీ దుప్పటి అంచు అందుకున్నాడు.

రూపాలి మొహం తిప్పుకుంది. శాంతవ్వ వచ్చి బాలమణి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతికి ఇంకా పిండి అంటుకునే ఉంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. బాలమణి ఆ చేతిని రెండు కళ్లకూ అద్దుకుంది.

కాగితాలు చూసి, సంతకాలు తీసుకుని సాయంత్రానికి పంపించారు. సిద్ధరాములు పేచీ పెట్టలేదు. తెల్ల చొక్కా తొడిగితే తొడిగించుకున్నాడు, రైలెక్కమంటే ఎక్కాడు.

ఇప్పుడు బాలమణి ఒక మిఠాయి దుకాణానికి డబ్బాలు చేస్తోంది. వినాయక్ సేఠ్ పని మళ్లీ ఇవ్వలేదు, ఆమె అడగలేదు. సిద్ధరాములు గోడవారన కూర్చుని ఆమె చెప్పిన చోట మడత నొక్కి ఇస్తాడు, ఆ పని బాగానే చేస్తాడు. ఆమె ఎవరో మాత్రం గుర్తు రాలేదు. తను ఎక్కడో పనికి కుదిరాననీ, ఈవిడ ఆ కార్ఖానా యజమానురాలనీ అనుకుంటున్నాడు. ఎండ తగ్గగానే లేచి చేతులు దులుపుకుని ఆమె ముందు నిలబడతాడు.

"బాయీ, ఇంటికి పోత. ఇంటికాడ ఎదురు జూస్తుంటరు."

"రేపు పోదువు," అంటుంది బాలమణి, చెవి దగ్గర, గట్టిగా. "ఈ పూటకు ఈడనే ఉండు."

అతను నిరాశగా తలూపి వెళ్లి కూర్చుంటాడు. ఆమె లేచి తలుపుకు లోపలినుంచి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని, జిగురు గిన్నె దగ్గరికి లాక్కుంటుంది.