చర్చి గంట తాడు దాచిన రోజు

అప్పుడు నేను రాయచోటి దగ్గర ఓ పల్లెలో టీచరును, మా సంఘ పెద్దను కూడా. చర్చి గంట కొట్టే ముసలాయన చనిపోగానే ఆయన కొడుకులు ఏసోబు, దానియేలు ఆ పని నాదంటే నాదని పోట్లాటకు దిగారు. ఆదివారం ఆరాధన ముందే చొక్కాలు పట్టుకునేవాళ్లు. మూడుసార్లు కూర్చోబెట్టి మాట్లాడాను, ప్రార్థన చేశాను. అంతా దండగ. ఒళ్లు మండి ఓ శనివారం గంట తాడు విప్పి ఇంటికి తెచ్చేసుకున్నాను. ఇద్దరూ చేతులు కలిపితేనే ఇస్తానని కబురు పంపాను.

మర్నాడు గంట మోగలేదు. గంట విని బయల్దేరే జనం ఇళ్లలోనే ఉండిపోయారు. ఖాళీ చాపల ముందు పాస్టరు గారూ నేనూ నిలబడ్డాం. అంతలో అన్నదమ్ములు పక్కపక్కనే నడిచి వచ్చారు. నా ఉపాయం పారిందని మురిసిపోయాను.

"మా నాయన కొట్టిన గంట ఆపేదానికి నువ్వెవరు టీచరమ్మా?" ఏసోబు అరిచాడు.

"తాడు యాడుండాది? తెచ్చిస్తావా, మమ్మల్నే నీ ఇంట్లో దూరమంటావా?" అన్నాడు దానియేలు. వాడి చెయ్యి అన్న భుజమ్మీద ఉంది.

ఇంటికి పోయి తాడు తెచ్చిచ్చాను.

ఇప్పుడు ఇద్దరూ వారానికొకరు వంతులేసుకుని గంట కొడుతున్నారు. వాళ్లను కలిపింది నా ప్రార్థన కాదు, నా మీద కోపం. చర్చి వాకిట్లో అందరికీ వందనాలు చెప్పే ఆ ఇద్దరూ నన్ను చూస్తే మాత్రం మొహం తిప్పుకుంటారు.