గడప అందని గాజుల గొలుసు

పగలగొట్టడానికని పనిగట్టుకుని కొత్త గాజులు కొనే రోజు ఒకటి వస్తుందని మా బాపమ్మ బతికుండగా ఎవరైనా అని ఉంటే, అన్నవాళ్ళ నోట్లో ఆమె పిడికెడు ఉప్పు కొట్టి ఉండేది. మొన్న ఆదివారం మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది. ఇంట్లో పనికిరాకుండా పడి ఉన్న వస్తువులతో ఏదైనా చేసి తెమ్మని మనవరాలికి బడిలో చెప్పారట. పనికిరాకుండా పడి ఉన్నది నేనొక్కదాన్నే కదా అన్నాను గాని ఎవరూ నవ్వలేదు. అంతటితో ఊరుకోక, పగిలిన గాజు ముక్కలతో గొలుసు చేయడం నాకు వచ్చని కూడా చెప్పాను. తీరా చూస్తే ఇంట్లో పగిలిన గాజులు కాదు కదా, పగిలే గాజులే లేవు. నా కోడలు వేసుకునేవన్నీ బండ మీద పడినా చెక్కు చెదరనివి. అందుకని నా కొడుకు ఫోనులో డజను మట్టిగాజులు తెప్పించాడు. పిల్ల వాటిని తువ్వాలులో మూటగట్టి చపాతీ కర్రతో టపటపా బాది, "పగిలినయ్ నానమ్మా, మస్తు పగిలినయ్" అని మూట నా ఒళ్ళో పెట్టింది. కొవ్వొత్తి వెలిగించి మొదటి ముక్కను మంట మీద పట్టాను. మసి, వేడెక్కిన గాజు, చుర్రుమన్న వేలి కొన, అన్నీ కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు ఎనభై ఏళ్ళు దగ్గర పడ్డాయన్న సంగతి మరిచిపోయి మాదన్నపేట ఇంటి వాకిట్లో కూర్చున్నాను.

మాది పాలవాళ్ళ ఇల్లు. కూరగాయల మార్కెట్ వెనక సందులో ముందు రెండు గదులు, మధ్యలో బండలు పరిచిన వాకిలి, ఆ వాకిట్లోనే ఒక బావి, వెనక బర్ల కొట్టం. వానకాలమంతా తడిసిన గడ్డి, పేడ, పొయ్యి మీద మరిగే పాల వాసన కలిసి ఇంటిని ఒక దుప్పటిలా కప్పి ఉండేవి. ఎండాకాలంలో బండల మీద నీళ్ళు చల్లితే లేచే ఆవిరి, దానికి తోడు పక్కింటి బిర్యానీ దమ్ము గోడ దూకి వచ్చేది. ఆటవస్తువులు కొనుక్కోవాలన్న ఆలోచన మా సందులో ఏ పిల్లకూ వచ్చేది కాదు. బాపు తాగి పారేసిన బీడీల కట్ట కాగితాలు, ఖాళీ అగ్గిపెట్టెలు, కొబ్బరి చిప్పలు, దారం అయిపోయిన రీళ్ళు, దర్జీ దుకాణం ముందు ఊడ్చిపోసిన గుడ్డ పీలికలు, వీటిలో మా చేతికి చిక్కకుండా చెత్తకుప్పకు చేరింది ఒక్కటీ లేదు. అగ్గిపెట్టెలు గుచ్చి రైలు చేసేవాళ్ళం, రెండు చిప్పలకు తాళ్ళు కట్టి తక్కెడ చేసి మట్టిని బియ్యమని తూచేవాళ్ళం. పీలికల బొమ్మలు మాత్రం నేను చేస్తేనే చేసినట్టు. మిగతా పిల్లల బొమ్మలు మెడ వేలేసేవి. నా బొమ్మలు తలెత్తి నిలబడేవి. ఈ గొప్ప ఎందుకు చెప్పుకుంటున్నానంటే, బొమ్మ ఎలా ఉండాలో నాకు అప్పటికే తెలుసు.

ఇక మా ఇంటి మాట సంగతి. మా ఇంట్లో ఏదీ అయిపోయేది కాదు. బియ్యం డబ్బా అడుగు కనబడితే, బాపును కన్న మా బాపమ్మ "బియ్యం నిండుకున్నయ్" అనేది. దీపం ఆరితే కొండెక్కింది అనేది. గాజు పగిలితే పెరిగింది అనేది. ఎవరైనా ఆడపిల్ల "పగిలింది" అని నోరు జారితే మూతి మీద చిన్నగా ఒకటి పడేది. పెద్దవాళ్ళకు అదొక నోటి మర్యాద. నాకు మాత్రం అది అచ్చమైన నిజం. చిక్కుడు గింజ పగిలితేనే గదా మొలక వచ్చేది, గాజు కూడా అంతే అనుకున్నాను. పైగా బాపు సైకిలు మీద పాల క్యాన్ల నడుమ ఇరుక్కుని చార్మినార్ దాకా పోయినప్పుడు, లాడ్ బజార్‌లో గాజులు తొడిగే చాంద్ బీ కూడా అదే మాట అనేది. చేయి పిసికి గాజు ఎక్కిస్తుంటే టప్పుమంటే "బఢ్ గయీ" అనేది. సాయంత్రం దుకాణం మూస్తూ "దుకాన్ బఢా రహీ హూఁ బేటీ, జల్దీ ఆ" అని, ఆ రోజు రాలిన ముక్కలన్నీ నా గౌను ఒడిలో పోసేది. బఢనా అన్నా పెరగడమే. తెలుగులోనూ ఉర్దూలోనూ ఒకే మాట అన్నప్పుడు అది అబద్ధం ఎలా అవుతుంది?

ఆ ముక్కలతో గొలుసు చేయడం నాకు నేర్పింది నర్సత్త. బాపు చెల్లెలు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవేమో అప్పటికి. చేతులు ఎప్పుడూ పేడలోనో పాలలోనో ఉండేవి, కాని మోచేతి దాకా ఎర్రవీ పచ్చవీ గాజులు గలగలమంటూనే ఉండేవి. మధ్యాహ్నం బర్లకు మేత వేశాక కిరసనాయిల్ ఎక్క, అదే బుడ్డిదీపం, వెలిగించి మా ఇద్దరి మధ్య పెట్టుకునేది. గాజు ముక్కను చిన్న పటకారుతో పట్టుకుని మంట మీద పెడితే కాసేపటికి అది ఎర్రబడి, మెత్తబడి, దానంతట అదే వంగి రెండు కొసలూ కలుసుకునేవి. అవి కలుసుకునేలోపే అంతకుముందు చేసిన కడియంలో దాన్ని గుచ్చేయాలి. ఆలస్యమైతే గట్టిపడిపోతుంది, తొందరపడితే వేలు కాలుతుంది. చల్లారాక బూడిద, చింతపండు పెట్టి మసి తోమితే లోపలి రంగు మళ్ళీ బయటికి వచ్చేది. ఒక్కో కడియం కలుపుతూ ఆ గొలుసును మా తలవాకిలి ద్వారబంధం పైన మేకుకు వేలాడదీసింది.

ఎందుకు అక్కడే అని అడిగితే చెప్పింది. మామ, అంటే ఆమె మొగుడు, పెళ్ళయిన మరుసటేడే బొంబాయి మిల్లులో పని దొరికిందని పోయాడు. మా ఇంటి నుంచే, ఆ తలుపులోంచే పోయాడు. కొన్నాళ్ళు ఎవరెవరితోనో కబురు వచ్చింది, తరువాత రాలేదు. నేను పుట్టక ముందు మాట అది. "మీ మామ ఎంత పొడుగనుకున్నవ్ బిడ్డా, మన దర్వాజల వంగకుంటె నెత్తి ఠాప్ మంటది" అని ద్వారబంధం మీద చేత్తో కొట్టి చూపించింది. గొలుసు గడప తాకిన రోజు వచ్చేస్తాడని అంది. ఊరికే అన్నదో, పిల్లను పనిలో పెట్టడానికి అన్నదో నాకు తెలియదు. నేను మాత్రం మామ తల వంచి లోపలికి వస్తుంటే ఆ గొలుసు వీపు మీద గలగలమనడం రోజూ వింటూ పెరిగాను. ఆయన ముఖం నాకు తెలియదు, పొడుగొక్కటే తెలుసు.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా, బోనాలు అయిపోయి శ్రావణం వెళ్ళాక, మామ వాళ్ళన్న అలియాబాద్ నుంచి వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. బాపమ్మ మలాయి వేసి చాయ్ ఇచ్చింది. ఆయన అది తాగి గ్లాసు కింద పెట్టి అన్నాడు: "పుష్కరం నిండిందత్తా. ఇంకెన్ని దినాలు చూస్తం. వాని ఆత్మ తిండి లేక తిరుగుతున్నది, మా ఇంట్ల ఒక్క పని సాగుతలేదు." బియ్యం నిండుకున్నట్టే పన్నెండేళ్ళూ నిండుకున్నాయన్నమాట. పన్నెండేళ్ళు కబురు లేనివాణ్ణి పోయినవాడి కిందే లెక్కగట్టి, బొమ్మ చేసి దహనం చేస్తారట. అప్పుడు అతని పెళ్ళాం గాజులు తీసేయాలట. తలుపు వెనక నుంచి నర్సత్త ఒక్క మాట అడిగింది, "చచ్చిండని ఎవలు చూసిండ్రు?" అని. బాపు నేల చూశాడు. బాపమ్మ, "వానికి నీళ్ళన్న దొరకాలె గదనే" అంది. అంతే, అయిపోయింది. పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస అమావాస్యకు ముందే చేసేయాలని నిర్ణయించారు.

గొలుసు గడపకు ఇంకా మూరెడు ఎత్తున ఉంది. నేను బాపు సైకిలు ఎక్కి చాంద్ బీ దగ్గరికి పోయి, ముక్కలు ఇంకా కావాలని, మామ రావాలంటే గొలుసు గడప తాకాలని, తాకకపోతే అత్త గాజులు తీసేస్తారని చెప్పాను. ఆమె తొడుగుతున్న గాజు ఆపి నా ముఖం చూసింది. పీట కింది రేకు డబ్బా తీసి మొత్తం బోర్లించింది. ఆ తరువాత ప్రతి మధ్యాహ్నం నేనూ నర్సత్తా ఎక్క ముందు కూర్చున్నాం. నేను నమ్మి చేశాను. ఆమె నమ్మిందో లేదో గాని నాకంటే వేగంగా చేసింది, వేళ్ళు బొబ్బలెక్కినా ఆపలేదు, బర్రెలు అరుస్తున్నా లేవలేదు. బాపమ్మ కేకలేయడం మానేసి తనే వెళ్ళి మేత వేసింది. అయినా ఆ రోజు వచ్చేసరికి జానెడు మిగిలిపోయింది.

మామ ఏ ఇంటి నుంచి పోయాడో ఆ ఇంటి నుంచే ఎత్తాలని, తంతు మా వాకిట్లోనే పెట్టారు. అయ్యగారు దర్భల కట్టతో ఒళ్ళు చేశాడు, మోదుగాకుల ఈనెలతో కాళ్ళూ చేతులూ చేశాడు, తలకు కొబ్బరికాయ పెట్టి దారంతో చుట్టాడు, మీద పిండి మెత్తాడు. కట్టడానికి ఆయన బట్ట ఏదైనా ఉందా అని అడిగితే, నర్సత్త పెట్టెలోంచి పన్నెండేళ్ళు దాచిన పంచె తెచ్చి ఇచ్చింది. పర్రున దాన్ని చించి ఒక ముక్క ఆ బొమ్మ నడుముకు చుట్టారు. కొబ్బరికాయ, దారం, పిండి, పాత గుడ్డ. మేం ఆడుకునేవే అన్నీ. మెడ నిలబడలేదు, తల పక్కకు ఒరిగింది. పొడుగు చూస్తే నా మోకాలి దాకా లేదు. ఇది మామ కాదు, మామ దర్వాజలో వంగుతాడు అని నేను గట్టిగానే అన్నాను. అమ్మ నా నోరు మూసి కొట్టంలోకి ఈడ్చుకుపోయింది. కొట్టం సందులోంచి చూస్తుంటే, మామ వాళ్ళన్న దాన్ని చేట మీద పెట్టుకుని తలవాకిలి దాటబోయాడు. గొలుసు అడ్డమొస్తే ఎడమచేత్తో పట్టి పక్క మేకుకు తగిలించాడు. తల వంచే అవసరం ఎవరికీ రాలేదు.

పదోనాడు పొద్దున్నే పిల్లల్ని పక్కింటికి పంపేశారు. మేం తిరిగొచ్చేసరికి బావి చుట్టూ బండలు కడిగి ఉన్నాయి. కాలువ అంచున మాత్రం ఎర్రవీ పచ్చవీ ముక్కలు చిక్కుకుని మెరుస్తున్నాయి. ఏరితే దోసెడు దొరికాయి. జానెడుకు అవి చాలు, ఇంకా మిగులుతాయి. బొమ్మ కాలిందే గాని మామ కాలలేదు కదా, గొలుసు అందితే రావడానికి అడ్డేముంది అనుకున్నాను. ఎక్క వెలిగించుకుని కూర్చున్నాను. తెల్ల చీరలో నర్సత్త వచ్చి నా ఎదురుగా చతికిలబడింది. ఆ చేతులు అంత సన్నవని అప్పుడే చూశాను. నా వేళ్ళ మధ్యనుంచి పటకారు తీసుకుని పక్కన పెట్టింది.

"గవి పెరిగినవి గావు బిడ్డా," అంది. "పగిలినయ్."

మా ఇంట్లో ఆ మాట పెద్దవాళ్ళ నోట వినడం అదే మొదలు. బాపమ్మ అరుగు మీదే ఉంది, విన్నది, కొట్టడానికి చెయ్యి ఎత్తలేదు. నేను మేకు మీది గొలుసు వంక చూశాను. అన్నాళ్ళూ నేను పేర్చింది పగిలినవాటినేనని, ఏదీ పెరగలేదని, గింజకూ గాజుకూ పోలికే లేదని ఒక్కసారిగా తెలిసింది. ఏడవలేదు. ఆ పెత్రమాస సాయంత్రం సందు నిండా ఎంగిలిపూల బతుకమ్మలు, చప్పట్లు, పాటలు. గునుగుపూలూ తంగేడు పూలూ ఎప్పటిలాగే నర్సత్తే ఏరి ఇచ్చింది. బతుకమ్మ పేర్చడానికి ఆమెను ఎవరూ పిలవలేదు. రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్ద నా చేతిలో చెమ్మగిల్లిపోయింది గాని నోట పెట్టుకోలేకపోయాను.

తరువాత చాలా ఏళ్ళు బతికింది నర్సత్త. పాలు పిండింది, పిడకలు చరిచింది, మా పెళ్ళిళ్ళకు వంటలు చేసి పెట్టి ముహూర్తానికి కొట్టంలోకి పోయి కూర్చుంది. ఎక్క ముందు మళ్ళీ కూర్చోలేదు. ఆమె మాట మాత్రం మారిపోయింది. డబ్బా ఖాళీ అయితే "బియ్యం అయిపోయినయ్" అనేది. దీపం పోతే "ఆరింది" అనేది. బాపమ్మ ఒక్కసారి కూడా దిద్దలేదు. మామ ఉన్నాడో లేడో ఎవరికీ ఎప్పటికీ తెలియలేదు. నర్సత్త పోయినప్పుడు కర్మ చేసినవాళ్ళు, పోయినవాడి పెళ్ళాం అనే చేశారు. గొలుసును ఎవరూ తీయలేదు, ఎవరూ కలపలేదు. జానెడు తక్కువగానే వేలాడి వేలాడి ఒక్కో కడియం రాలి, ఇల్లు అమ్ముడుపోయినప్పుడు ద్వారబంధంతోపాటు ఏ లారీలోనో పోయింది. బర్లు లేవు, బావి పూడ్చి మీద మూడంతస్తులు కట్టారు. చాంద్ బీ పీట వేసిన చోట ఇప్పుడు రాళ్ళు పొదిగిన గాజుల అద్దాల దుకాణం ఉంది. అక్కడ ఏదీ పగలదు, ఎవరూ దేన్నీ పెరిగిందనరు.

కొవ్వొత్తి మీద ముక్క వంగి కొసలు కలుసుకున్నాయి. మనవరాలు రెండోది గుచ్చింది, వేలు కాల్చుకుంది, ఊదుకుంది, నవ్వింది. గాజు పగిలితే పెరిగింది అనాలే పిల్లా అని చెప్పబోయి ఆగిపోయాను. ఆ అబద్ధాన్ని నా నోటితో ఇంకో పిల్లకు ఇవ్వబుద్ధి కాలేదు.

"ఎంత పొడుగు చెయ్యాలె నానమ్మా?" అని అడిగింది.

తలెత్తి మా ఫ్లాటు తలుపు వైపు చూశాను. దానికి గడప లేదు. లోపలి పాలరాయి నున్నగా జారుతూ బయట లిఫ్టు దాకా పోతుంది.

"యాడ ఆపినా ఒకటే బిడ్డా," అన్నాను.