దాటిపోయిన స్టాపు

కేంబ్రిడ్జ్‌లో వేర్‌హౌస్ షిఫ్ట్ ముగించుకుని కాలేజీకి బస్సెక్కి, కూర్చున్నచోటే నిద్రపోయాను. కాలేజీ ముందున్న చివరి స్టాపులో మెలకువ వచ్చేసరికి నా తల పక్కనున్న పెద్దాయన భుజం మీద ఉంది. గబుక్కున లేచి "సారీ" అన్నాను.

"పర్లేదమ్మా," అన్నారాయన తెలుగులో. "నా స్టాప్ ఎప్పుడో దాటిపోయింది."

"అయ్యో, నన్ను లేపాల్సింది అంకుల్!"

"లేపబోయాను. 'అమ్మా, ఇంకాసేపు పడుకుంటానే' అన్నావు. ఇంక లేపబుద్ధి కాలేదు."

ఆయన దిగి, మంచులో రోడ్డు దాటి, వెనక్కి వెళ్ళే బస్సు కోసం నిలబడ్డారు. క్లాసుకి ఆలస్యమవుతున్నా, ఎందుకో నేనూ రోడ్డు దాటాను. బస్సు వచ్చేదాకా ఆయన పక్కనే నిలబడ్డాను.