ఒక బస్తా బియ్యం, ఇరవై రోజులు

పోయిన నెలలో మా మనుమరాలు బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. బీజగణితం నిత్యజీవితంలో ఎక్కడ ఉపయోగపడుతుందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, వాళ్ల అనుభవంలోంచి ఒక ఉదాహరణ రాసుకుని రమ్మన్నారట. ఇంట్లో పెద్దదాన్ని నేనే కాబట్టి నా ముందు కూర్చుని పెన్ను తీసింది. నేను చేతిలో ఉన్న చాయ గ్లాసు కింద పెట్టి, కాసేపు ఆలోచిస్తున్నట్టు నటించి, వంటనూనె లెక్క ఒకటి కల్పించి చెప్పాను. అది రాసుకుని పోయింది. టీచరు బాగుందని మెచ్చుకున్నదట. నిజమైన ఉదాహరణ నా దగ్గర ఒకటి ఉంది. నా బతుకులో నేను సొంతంగా కట్టిన మొదటి సమీకరణం అది. దాని సంగతి పూర్తిగా ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఆ రోజులు చూసిన నా ఈడువాళ్లు చదివితే, నేనేమి చేశానో వాళ్లకు విడమరచి చెప్పే పని ఉండదని ఇప్పుడు రాస్తున్నాను.

అప్పుడు మేము కోరుట్లలో ఉండేవాళ్లం. మా ఇంటాయన సిరిసిల్ల నుంచి చీరలు, తువ్వాళ్లు తెచ్చి సైకిలు మీద ఊళ్లు తిరిగి అమ్మేవారు. నేను మా వాడలో అందరు ఆడవాళ్లలాగే ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేదాన్ని. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు, ఇద్దరు పిల్లలు. పదో తరగతిలో లెక్కలు తప్పడంతో చిన్నప్పుడే చదువు ఆగిపోయింది. మా వాడకు అంగన్‌వాడీ వస్తుందని, పది పాసైన ఆడమనిషిని తీసుకుంటారని తెలిసిన రోజు నుంచి నాకు నిద్ర తక్కువైంది. పొగాకు ఘాటుకు రాత్రంతా దగ్గే మా అత్తను చూస్తూ, నేను కూడా అట్లాగే అవుతానన్న భయంతో, ప్రైవేటుగా పరీక్ష కట్టాను. మిగతావన్నీ గట్టెక్కాయి. లెక్కల్లో రెండోసారి తప్పాను.

కూడికలు, తీసివేతలు నాకు కష్టం కాదు. బీడీ కట్టకు ఇరవై అయిదు చొప్పున రోజంతా మనసులో లెక్క నడిపేదాన్ని, వేలల్లో కూడా ఒక్కటి పొల్లుపోయేది కాదు. అంకెల మధ్య అక్షరం వచ్చి నిలబడితే మాత్రం చేతులు ఆగిపోయేవి. లేని దాన్ని ఉన్నట్టు రాసుకుని, దాన్ని రెండుతో హెచ్చవేసి, అటు నుంచి ఇటు తేవడం నాకు మోసంలాగా తోచేది.

మా చిన్నమామ, అంటే మా అమ్మ చిన్న తమ్ముడు, జగిత్యాలలో లెక్కల పంతులు. ఆదివారం ఆదివారం బస్సెక్కి ఆయన దగ్గరకు పోయేదాన్ని. తండ్రి వయసు కొడుకు వయసుకు మూడింతలు, పదేళ్ల తర్వాత రెండింతలు, అయితే ఇప్పుడు వాళ్ల వయసులెంత అన్న లెక్కతో మూడు ఆదివారాలు గడిచిపోయాయి. విసుగొచ్చి ఒకరోజు అన్నాను:

“గింత కష్టమెందుకు మామా? ఆ తండ్రినే అడుగరాదా, నీకెన్నేండ్లు అని?”

ఆయన పడిపడి నవ్వాడు. “అడుగుదామంటె ఆయన లేడు గద బిడ్డా! ఉంటె గీ లెక్కెందుకు?” అన్నాడు. తర్వాత నెమ్మదిగా, పుస్తకంలో లెక్కలు పక్కన పెట్టమన్నాడు. “నీ ఇంట్ల దాన్ని, నీకెర్కున్న దాన్ని ఒక్కటి పట్టుకో. తెల్వనిదానికి ఎక్స్ అని పేరు పెట్టు. తెల్సినదంత తెల్సినట్టు రాసుకుంట పో. అదే బయటపడుతది. వచ్చే ఆదివారం నీ సొంత లెక్క ఒకటి తేవాలె.”

ఆ వారమే అక్క వచ్చింది. నాకంటే పదేళ్లు పెద్దది. కథలాపూర్ అవతల ఒక పల్లెలో వాళ్లకు కొంచెం పొలం ఉండేది. ఇంట్లో నలుగురు, అక్క, బావ, ఆమె అత్త, పెళ్లీడుకు వచ్చిన కూతురు. బావకు ఒక తమ్ముడు ఉండేవాడు. రెండేళ్ల కింద ఇల్లు విడిచిపోయాడు. మగ్గాల పనికి భీవండి పోయిండని చెప్పేవారు. ఆ రోజుల్లో ఇంట్లో కనబడని వయసు పిల్లవాడు ప్రతి ఒక్కడూ భీవండికే పోయేవాడు, ఎవరూ అడ్రసు అడిగేవారు కాదు. అక్క కోరుట్ల మిల్లులో వడ్లు పట్టించుకోవడానికి వచ్చి మా ఇంట్లో బువ్వ తిన్నది. అంత త్వరగా మళ్లీ మిల్లుకు వచ్చావేమని నేను మాటవరసకే అడిగాను. “ఏమొ చెల్లె, ఎప్పుడు బస్త బియ్యం ఇరువై అయిదొద్దులు అచ్చేది, ఈపాలి ఇరువైకే ఒడిసింది,” అన్నది. అన్నాక ఎందుకో పిల్లల వైపు తిరిగి వేరే మాట ఎత్తుకున్నది. నేను అది గమనించాను. గమనించినా నా తలలో అప్పటికే ఆదివారానికి తీసుకుపోవలసిన లెక్క తిరుగుతున్నది.

నలుగురు ఇరవై అయిదు రోజులు తింటే, మనిషికి రోజుకొక వంతు చొప్పున నూరు వంతులనుకోవాలి. అదే బస్తా ఇరవై రోజులకు అయిపోయింది. నలుగురికి ఇంకెందరో కలిసి ఉండాలి, వాళ్లే ఎక్స్. నాలుగుకు ఎక్స్ కలిపి ఇరవైతో హెచ్చవేస్తే నూరు. ఎనభై తీసేస్తే ఇరవై ఎక్స్ ఇరవైకి సమానం. ఎక్స్ అంటే ఒకటి. ఎవరి సాయమూ లేకుండా వచ్చింది. మళ్లీ వేశాను, మళ్లీ ఒకటే వచ్చింది. చుట్టం ఒక పూట తిని పోతే ఇట్లా రాదు, ప్రతి పూటా, ప్రతి రోజూ ఒకరు తినాలి. అది కూడా నాకు అర్థమైంది. చదివి పాసైన వాళ్లు ఏ సుఖం అనుభవిస్తారో నాకు మొదటిసారి తెలిసింది. ఆ ఒక్కరు ఎవరన్నది మాత్రం నేను ఆలోచించలేదు. లెక్క అడిగింది ఎందరని, ఎవరని కాదు.

శనివారం మధ్యాహ్నం బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయాను. మా కట్టలు విప్పి చూసి, నాసిరకం తీసి పారేసే మనిషి ఇంకా రాలేదు. వరండాలో పాతిక మంది దాకా ఉన్నాం, చుట్టుపక్కల పల్లెల వాళ్లు కూడా. నన్ను చూస్తే వాళ్లకు ఎప్పుడూ ఆటపట్టించడమే.

“రా పంతులమ్మా, దొరికిండా నీ ఎక్సు?”

“మా ఆయన పొద్దూకితె యాడ తాగుతుండో, గా ఎక్సు తోని తెలుస్తదానె?” అన్నది ఇంకొకామె.

“తెలుస్తది,” అన్నాను. రోషం వచ్చింది. “గీ లెక్క తోని మనిషిని సూడకుంట మనిషిని పట్టొచ్చు. మా అక్క ఇంట్ల బియ్యం బస్త అయిదొద్దుల ముందుగాల ఒడిసింది. లెక్క చేసిన. ఇంట్ల నలుగురే గని తినేటోళ్లు అయిదుగురు.”

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను మెచ్చుకోలు అనుకున్నాను. అప్పుడు ఒక ముసలామె, “ఇంకేంది, మీ బావ ఇంకోదాన్ని తెచ్చిపెట్టుకున్నడు పో!” అన్నది. అందరూ చాటలు ఒళ్లోంచి జారేంతగా నవ్వారు. నేనూ నవ్వాను.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. మా ప్రాంతంలో అప్పుడు ఎన్ని మానికల బియ్యం పొయ్యి మీద పెట్టామో పక్కింటికి చెప్పేవాళ్లం కాదు. అడవిలోని అన్నలకు అన్నం పెట్టారని పోలీసులు పట్టుకుపోయేవారు, పెట్టకపోతే అన్నలు అడిగేవారు. గంజి ఎక్కువ వంచితే అది ఎవరి కంటా పడకుండా కుడితి తొట్టిలో కలిపి మూత పెట్టేవాళ్లు. దుకాణంలో జ్వరం గోలీలు నాలుగు ఎక్కువ కొంటే ఎవరికని అడిగేవారు. ఇవేవీ ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసి ఎట్లా అన్నానన్నదే ఈనాటికీ నాకు మింగుడుపడని సంగతి. బియ్యం గురించి మాట్లాడుతున్నానని నాకు తోచనే లేదు, లెక్క గురించి మాట్లాడుతున్నాననుకున్నాను.

మర్నాడు జగిత్యాలలో మామ ముందు కాగితం పెట్టి, మెప్పు కోసం ఆయన ముఖం చూస్తూ కూర్చున్నాను. ఆయన చదివాడు. మళ్లీ చదివాడు. తలెత్తి వీధి తలుపు వైపు చూశాడు.

“గీ కాగితం ఎవ్వలకన్న సూపినవా?”

“ఎవ్వలకు సూపలె మామా,” అన్నాను. అది నిజం. కాగితం చూపలేదు.

ఆయన లేచి వంటింట్లోకి పోయి దాన్ని పొయ్యిలో వేసి వచ్చాడు. “లెక్క కరెక్టే. ఇగ మర్చిపో,” అన్నాడు. ఆ రోజు ఇంకేమీ చెప్పలేదు. సరైన లెక్క కాల్చినందుకు నాకు కోపం వచ్చి చాయ కూడా తాగకుండా వచ్చేశాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సును దారిలో ఆపారు. ఇద్దరు పోలీసులు ఎక్కి మూటలు విప్పించి చూస్తున్నారు. నా ముందు సీటులో ఒకామె సంచిలో బియ్యం ఉంటే, “ఇంట్ల ఎంతమంది?” అని అడిగారు. ఆమె చెప్పింది. వాళ్లు సంచి చేత్తో ఎత్తి బరువు చూశారు. ఆమె ఇంటి మనుషులను, చేతిలోని బరువును వాళ్లు మనసులో కలిపి చూస్తున్నారు. నేను కట్టిన లెక్కనే వాళ్లు ఏ బడికీ పోకుండా కడుతున్నారు. అప్పుడు, ఆ సీటులో, ఎక్స్‌కు ముఖం వచ్చింది. బావ తమ్ముడు. మా పెళ్లిలో వడ్డన చేసినవాడు.

వెంటనే పోయి అక్కకు చెప్పవలసింది. కాగితం కాలిపోయింది కదా, ఆడవాళ్ల నవ్వులాట నవ్వులాటే కదా, నేను పోతే నా వెనకే ఎవరైనా వస్తారేమో, పరీక్ష ఇంకా పన్నెండు రోజులే ఉంది. ఈ నాలుగు సాకుల్లో ఏది ముందు అనుకున్నానో ఇప్పుడు గుర్తులేదు. నేను పోలేదు.

తొమ్మిదో రోజు పొద్దున, బర్రె పాలు పిండే వేళకు, పోలీసులు అక్క వాళ్ల ఇంటిని చుట్టుకున్నారు. గడ్డి కొట్టం వెనక చిన్న అర్ర ఉండేది. అతను అందులో నెలన్నరగా పడుకుని ఉన్నాడు. పచ్చకామెర్లు, లేచి నిలబడే స్థితి కాదు, ఇద్దరు పట్టుకుని జీపు ఎక్కించడం అక్క కూతురు కళ్లారా చూసింది. మర్నాటి పేపరులో అడవిలో ఎదురుకాల్పుల్లో చనిపోయాడని నాలుగు వరుసలు వచ్చాయి. పారిపోతూ కాల్చాడని రాశారు. బావను తీసుకుపోయి నాలుగు నెలలకు విడిచారు. ఆయన కుడిచెయ్యి మళ్లీ నాగలి పట్టలేదు.

వార్త విన్న మూడో రోజు నేను పరీక్ష రాశాను. ఎట్లా పోయానో తెలియదు. ప్రశ్నాపత్రంలో సమీకరణాల లెక్కలు అయిదు వచ్చాయి. నా చెయ్యి నన్ను అడగకుండానే అయిదూ చేసింది. పాసయ్యాను. అంగన్‌వాడీలో చేరాను. తర్వాత మా ఇంటాయన మరమగ్గాల పనికి, మా మాటలో సాంచెల పనికి, మారడంతో సిరిసిల్లకు వచ్చాం, ఇక్కడే మళ్లీ ఆ పనిలోనే రిటైరయ్యాను. పిల్లల హాజరుకు తగ్గట్టు పప్పు, బియ్యం కొలవడమే నా ఉద్యోగం. బీజగణితం నాకు అన్నం పెట్టలేదని అనలేను.

మామ చనిపోయేవరకు ఆ కాగితం మాట ఎత్తలేదు. బావ పోయాక అక్క సిరిసిల్లలో కూతురింటికి వచ్చింది. మధ్యాహ్నాలు మా ఇంటికి వచ్చి కూర్చునేది. ఇప్పుడు ఆ దారిన బస్సులో ఎవరి మూటా ఎవరూ విప్పరు, ఇంట్లో ఎందరు తింటున్నారని ఎవరూ అడగరు. నా మనుమరాలి ఈడు పిల్లలు ఆ సంగతులను కథలాగా వింటారు. అక్క కూడా చివరికి మరిది పేరు గొంతు తగ్గించకుండా పలికేది. ఒకరోజు వక్కలు కత్తిరిస్తూ, దేని మీదనో మాట వచ్చి అన్నది:

“ముందుగాల ఊర్ల గిట్ల మాట పుట్టింది చెల్లె, మీ బావ ఇంట్ల ఇంకోదాన్ని తెచ్చిపెట్టుకున్నడని. నవ్వుకుంట నవ్వుకుంట అన్నరు. దాంతోనే పోలీసోళ్ల కన్ను మా ఇంటి మీద పడ్డది. ఎవ్వలు పుట్టిచ్చిండ్రో గా మాట! దొరికితె తిట్టను, ఏమనను. ఎందుకన్నరో అడుగుత, గంతే.”

నేను కోరుట్ల వరండాలో విన్న మాట అక్షరం పొల్లుపోకుండా నా ఇంట్లో వింటున్నాను. లేచి నీళ్లు తాగి వచ్చి మళ్లీ కూర్చున్నాను. అక్క అప్పటికే వేరే మాటలో ఉంది. ఆ తర్వాత ఆమె ఏడేళ్లు బతికింది, దాదాపు ప్రతి మధ్యాహ్నమూ వచ్చింది. పోయిన చలికాలంలో చనిపోయింది.

ఎవరిని గురించైనా ఏ మాటైనా నిర్భయంగా అనగలిగే రోజులు వచ్చాయి. నేను చెప్పవలసిన మనిషి ఒక్కతే. ఆమె అడిగింది కూడా ఒక్కటే, ఎందుకని. దానికి జవాబు నా దగ్గర ఎప్పుడూ ఉంది, చిన్నదే. రెండుసార్లు తప్పిన తర్వాత నాకు మొదటిసారి ఒక లెక్క వచ్చింది అక్కా, ఆ సంతోషం పట్టలేక చెప్పాను.